పెన్సిల్‌తో దిద్దిన ఈగ

ఇరవై ఏడేళ్ళపాటు నేను ఈగల ఫోటోలు చూసి జీతం తీసుకున్నాను. నవ్వొస్తే నవ్వండి. పెళ్ళిచూపులనాడు మా మామగారు "ఈగలా?" అని రెండుసార్లు అడిగి, గవర్నమెంటు ఉద్యోగమేనని ఖాయం చేసుకున్నాకే లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు.

ఈ పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు సీతమ్మధారలో మా ఇంటికి వస్తుంటారు. ఫోన్లో ఈగ బొమ్మ చూపించి "సార్, ఇదేంటో చెప్పండి" అంటారు. చెప్తాను. చెప్పేముందు మాత్రం "ఈగ ఏదీ? నువ్వు కళ్ళారా చూశావా?" అని అడుగుతాను. ముసలాడి చాదస్తం అనుకుంటారు. ఆ చాదస్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి రాసిపెడితే మంచిదని ఇది మొదలుపెట్టాను. ఇందులో నేను గొప్పగా కనబడను. ముందే చెప్తున్నాను.

డెబ్బైల చివరి మాట. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కంచెలూ సర్వే రాళ్ళూగానే ఉన్న రోజులు. విశాఖపట్నం రేవు దగ్గర మాదొక చిన్న ఆఫీసు. ఓడల్లోనూ, చుట్టుపక్కల గోడౌన్లలోనూ దొరికే పురుగులు ఏవో తేల్చడం, పైదేశపు పురుగు ఊళ్ళోకి దిగకుండా ఆపడం మా పని. గోధుమ పురుగులు ఒకాయనవి, చెదలు ఇంకొకాయనవి. ఈగలు నావి.

పట్టిన ఈగను సూదికి గుచ్చి పెట్టెలో దాచుకోవడం మిగతా ఊళ్ళలో పద్ధతి. మా ఊరి సముద్రపు చెమ్మకు పదిరోజుల్లో దానికి బూజు పట్టి, ఈగో బూజో తెలియకుండా పోయేది. అందుకని మా ఆఫీసరు ఓ ఏర్పాటు చేశాడు. ఇన్‌స్పెక్టరు ఈగను పట్టగానే దగ్గర్లో ఉన్న స్టూడియోకి తీసుకెళ్ళి, పెద్దగా కనబడేలా ఫోటో తీయించి, ఆ ఫోటోలు నాకు పంపాలి. నేను పుస్తకంలో బొమ్మలతో సరిపోల్చి పేరు రాయాలి. అలా నా బల్ల మీదికి ఈగలు రావడం మానేసి ఫోటోలే వచ్చేవి. నాకూ అదే బాగుంది. ఓడ నిచ్చెనలు ఎక్కక్కర్లేదు, గోడౌన్ల కంపు పీల్చక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చుని భూతద్దం పెట్టి చూసి, ఈ ఈగ ఫలానా దేశం నుంచి దిగింది అంటే అందరూ నోళ్ళు తెరిచేవాళ్ళు. నాకు ఒళ్ళు తెలియని గర్వం ఉండేది.

శాస్త్రం సంగతి ఒక్క ముక్కే చెప్తాను, ఈ కథకు అది చాలు. ఈగను రంగు చూసి గుర్తుపట్టలేం. దాని వీపు మీదా ముఖం పక్కనా ముళ్ళలాంటి వెంట్రుకలుంటాయి. అవి ఎన్ని, ఏ వరసలో ఉన్నాయి అన్నదాన్ని బట్టే జాతి తేలుతుంది.

మా ఇన్‌స్పెక్టరుది శ్రీకాకుళం వైపు పల్లె. నన్ను "బావా" అనేవాడు. ఎలా బావనయ్యానయ్యా నీకు అంటే, "నచ్చినోడు బావ, నచ్చనోడు సారు" అనేవాడు. ఆఫీసరును ఎప్పుడూ సారనే పిలిచేవాడు. వానాకాలంలో ఓ పొద్దున్న తడిసిన గొడుగుతో వచ్చి ఒక కవరు నా ముందు పెట్టాడు. పెట్టి, ఎప్పటిలా జోకు వేయకుండా నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"బావా, ఇవి జాగర్తగా సూడు. ఆ పిండిచెక్క గోడౌను కిటికీ అద్దం మీదవి. లోపలేపు కమ్మీసి ఉన్నాయి. కిటికీ సందులోంచి బయటికి పాకొచ్చినవి పట్టినాను."

రేవుకు ఆనుకుని ఒక వ్యాపారి గోడౌన్ ఉండేది. దాన్నిండా నూనె తీసిన వేరుశనగ చెక్క మూటలు. ఆ ఏడు కప్పు కారి మూటలు నాని, పులిసి, వీధి మొదట్లోనే ముక్కు మూసుకోవాల్సిన కంపు. వెనకవైపు వరస ఒకటి కూలిపోయింది కూడా. నష్టం లెక్క చూసే బీమా మనిషి వచ్చేదాకా ఒక్క మూట కూడా కదపొద్దని వ్యాపారి తాళం వేయించాడు. ఇంతవరకూ నాకు తెలుసు. తెలియనిది ఇన్‌స్పెక్టరు చెప్పాడు.

ఆ గోడౌన్ కాపలా మనిషి కనబడక మూడు వారాలు కావొస్తోంది. కప్పు ఎక్కడ కారుతోందో చూస్తానని వానలో లోపలికి వెళ్ళాడు. సాయంత్రం గుమాస్తా తాళం వేసుకుని పోయాడు. మర్నాటి నుంచి మనిషి లేడు. వ్యాపారి మనుషులు పట్టించుకోలేదు. ఎందుకంటే అతనిది అచ్యుతాపురం పక్క పల్లె, సెంటు భూమి వదులుకోలేని రైతు. ఏటా వానలు పడగానే చెప్పాపెట్టకుండా ఊడుపులకు పోయి, పదిహేను రోజులకు బురద కాళ్ళతో తిరిగొచ్చేవాడు. ఈసారీ అంతే అనుకున్నారు. పెళ్ళాం మాత్రం మల్కాపురంలో ఉంటుంది. ఊరికి కబురు పెడితే అక్కడికి రాలేదన్నారట. ఆమె ఏడ్చి గోల చేస్తే గుమాస్తా ఒకసారి ముందు తలుపు తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని రెండు కేకలు వేసి, ఎవరూ లేరని మూసేశాడు.

"ఆవిడ రోజూ మజ్జానం కేరేజీ పట్టుకొచ్చి ఆ తలుపు కాడ కూకుంటంది బావా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తలుపు మీద మూడు దెబ్బలు కొడతంది. లోపల్నుంచి మూడు దెబ్బలు ఇనబడతన్నాయంటంది."

"నువ్వు విన్నావా?"

"నానున్నంతసేపు వాన. ఏటినబడతాది? పక్క గోడౌను కాపలావోడిని అడిగితే నాకేటీ ఇనబడనేదన్నాడు. గాని ఆడు మజ్జానం పూట ఆ పక్క కూకోడం మానీసాడు."

మూడు వారాలు మనిషి ఎలా బతుకుతాడయ్యా అన్నాను. దానికీ ఆమె జవాబు చెప్పిందట. లోపల తినడానికి చెక్క ఉంది, తాగడానికి కప్పు నుంచి కారే నీళ్ళున్నాయి, మూటల మధ్య ఇరుక్కున్నాడు గాని చచ్చిపోలేదు అని. కాదనడానికి ఎవరి దగ్గరా మాట లేదు.

ఇక మా ఆఫీసు సంగతి. అవి పిండిని పట్టుకునే మామూలు ఈగలైతే మాకు పని లేదు. మాంసానికి చేరే ఈగలైతే లోపల ఏదో చచ్చి ఉందని అర్థం. అప్పుడు మూటలన్నీ తీయించి చూడమని వ్యాపారికి నోటీసు ఇచ్చే అధికారం మాకుంది. కొత్తగా ఓడ దిగిన పైదేశపు ఈగలైతే ఒక్కటీ బయటికి రాకుండా సందులకు కాగితాలు అంటించి, వారంపాటు పురుగును చంపే విషపు గ్యాసు పెట్టాలి. ఏది చేయాలన్నదీ నేను రాసే ఒక్క మాట మీద ఉంది.

కవరులో అయిదు ఫోటోలున్నాయి. ఒక్కొక్క దాంట్లో అరచెయ్యంత ఈగ. మొదటిది చూడగానే ఏదో తేడాగా తోచింది. ఏమిటో వెంటనే తెలియలేదు. భూతద్దం పెట్టాను. వీపు మీద మాంసం ఈగకు ఉన్నట్టే మూడు నల్లని గీతలు. కాని ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. ముఖం నున్నగా, గడ్డం గీసుకున్న మనిషి ముఖంలా ఉంది. అన్నిటికన్నా కళ్ళు. ఈగ కంటి మీద వెలుగు పొడిపొడిగా చెదిరి కనబడాలి. వీటికి మాత్రం ఒక్కొక్క కంట్లో ఒక్కొక్క తెల్లని చుక్క, మనుషుల కళ్ళలో ఉన్నట్టు. ఫోటో ఎటు తిప్పినా ఆ కళ్ళు నన్నే చూస్తున్నాయి. అయిదింటినీ వరసగా పెట్టాను. అయిదూ చూస్తున్నాయి. మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పేముందు వాటిని బోర్లా పెట్టాను. నవ్వులాటకు రాయడం లేదు, నిజంగానే భయమేసింది.

భయం వేసినవాడు లేచి వెళ్ళి చూడాలి. నేను పుస్తకం తెరిచాను. మన దేశపు ఈగలన్నీ ఉన్న ఆ పుస్తకంలో అలాంటి ఈగ లేదు. ఇంకో పుస్తకంలోనూ లేదు. సాయంత్రానికి భయం పోయి, దాని స్థానంలో ఆశ వచ్చింది. ఎవరూ ఎరగని ఈగ! లోకంలో మొదటిసారి చూసినవాణ్ణి నేను! దానికి పెట్టబోయే లాటిన్ పేరు చివర నా ఇంటిపేరు ఎలా ఉంటుందో కాగితం మీద రాసి కూడా చూసుకున్నాను. ఆ కాగితం తర్వాత చింపేశాను గాని, రాసిన మాట నిజం.

మర్నాడు ఇన్‌స్పెక్టరుతో చెప్పాను. వాడికి నచ్చలేదు.

"గీతలున్నాయి గదా బావా. మాంసం ఈగ కాదేటి?"

"గీతలుంటే సరిపోదు. వెంట్రుకలేవి?"

"నాను పట్టినప్పుడు గరుగ్గానే ఉన్నట్టున్నాయి."

"భూతద్దం పెట్టి చూశావా?"

"నేదు."

"మరి!" అన్నాను. ఆ "మరి" నాకిప్పటికీ వినబడుతుంది. పట్టిన ఈగలు ఏమయ్యాయని ఒక్కమాట అడగాలని నాకు తట్టలేదు. నాకు ఈగలతో పనేమిటి, ఫోటోలుండగా?

వరండాలో ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో అన్నం కేరేజీ. ఇన్‌స్పెక్టరే తీసుకొచ్చాడు. నన్ను చూసి ఆమె దండం పెట్టలేదు, ఏడవలేదు.

"ఈగలు ఏటంతన్నాయి బాబూ?" అంది.

"ఇవి మన దేశపు ఈగలు కావమ్మా" అన్నాను.

"అయితే తలుపు తీత్తారా?"

"తీయకూడదు. తీస్తే ఇవి ఊరంతా కమ్ముకుంటాయి. ముందు గ్యాసు పెట్టాలి."

"లోపల మనిసున్నాడు బాబూ. ఒక్కసారి తీసి సూడండి. నానే ఎల్తాను. మీరెవులూ రానక్కర్నేదు."

పైదేశపు పురుగు గురించి, పంటల గురించి నేను ఆమెకు చాలా చెప్పాను. ఆమె మొత్తం విని, కేరేజీ చేయి మార్చుకుని వెళ్ళిపోయింది. నేను లోపలికి వచ్చి "ఇంతవరకు ఎరుగని విదేశీ జాతి. గోడౌన్ తెరవరాదు. వెంటనే గ్యాసు పెట్టవలెను" అని రాసి సంతకం పెట్టాను. ఆఫీసరు చదివి లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

రెండు రోజుల తర్వాత గ్యాసు పెట్టారు. పెట్టేముందు లోపల మనుషులున్నారేమో పిలిచి చూడడం రూలు. మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఆమె అడ్డం వచ్చి తలుపు మీద కొట్టి, "అదిగో, ఇనండి, అదిగో" అందట. నేనక్కడ లేను. నేనెప్పుడూ అక్కడ ఉండను కదా. ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. నీకేమైనా వినిపించిందా అని తర్వాత వాణ్ణి అడిగాను. "ఇనబడినట్టే ఉంది బావా. గాని అది నా గుండె సప్పుడేమో" అన్నాడు.

గ్యాసు పెట్టిన నాలుగో రోజున నాకు ఇంకా పెద్ద ఫోటోలు కావలసి వచ్చాయి, కలకత్తాలో పెద్దవాళ్ళకు పంపడానికి. ఎప్పుడూ మా ఫోటోలు తీసే ముసలాయన వానలకు స్టూడియో మూసి ఊరెళ్ళాడని, ఈసారి మల్కాపురంలో ఒక పెళ్ళిళ్ళ స్టూడియోలో తీయించామని అప్పుడే తెలిసింది. నేనే వెళ్ళాను.

స్టూడియో ఆయన మర్యాదస్తుడు. కుర్చీ తుడిచి వేశాడు. గోడనిండా పెళ్ళికూతుళ్ళు, అందరి ముఖాలూ నున్నగా, అందరి కళ్ళలోనూ ఒక తెల్లని చుక్క. నేను కుర్చీ వదిలి గోడ దగ్గరికే వెళ్ళాను.

"మీ ఈగలు బాగా ఒచ్చాయాండి?" అన్నాడాయన. "శానా కట్టపడ్డానండి. పెద్దాపీసుకెల్లే ఫోటోలు, ఆ గరుకు ఎంటికల్తో ఎలగ పంపుతాం? నెగెటివు మీద పెన్సిలుతో ఒక్కోటీ కప్పీసాను. రెండ్రోజులు పట్టింది. ఈపు మీద గీతలు సీరంచులా అందంగా ఉన్నాయని ఒగ్గీసాను. కళ్ళల్లో జీవం నేదని సుక్క పెట్టాను."

"ఈగలేవి?" అన్నాను.

"ఫోటో తీసీసాక ఇంకెందుకండీ? తుడిసీసి పారీసాను."

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆయన తన పని ఎంతో శ్రద్ధగా చేశాడు. పెళ్ళికూతురి మూతి మీద నూగు ఎలా తీస్తాడో ఈగకూ అలాగే తీశాడు. అబద్ధం చెప్పింది ఫోటో కాదు. ఈగను చూడకుండా సంతకం పెట్టినవాణ్ణి నేను.

పెన్సిల్ గీతలు పోతాయా అని అడిగాను. ఆయన నొచ్చుకుంటూనే దూదికి టర్పెంటైన్ అద్ది ఇచ్చాడు. నెగెటివును అద్దం కింద దీపం ఉన్న బల్ల మీద పెట్టి తుడవడం మొదలుపెట్టాను. ముందు కళ్ళలో చుక్కలు పోయాయి. ఆ తర్వాత దూది నడిచినచోటల్లా వెంట్రుకలు బయటికి వచ్చాయి. నా చేతి కిందే ఆ ఈగకు వెంట్రుకలు మొలుస్తున్నట్టుంది. వీపు మీద నాలుగు, ముఖం పక్కన వరసగా, కాళ్ళ మీద. అచ్చమైన మాంసం ఈగ. మా రేవులో చేపల బుట్టల మీద రోజూ వాలేదే. చిన్న పిల్లాడు కూడా గుర్తుపడతాడు.

"ఆరోది కూడా ఉందండి, మీకు పంపనేదు" అన్నాడాయన, నా ముఖం చూసి భయపడి. "ముకం తిప్పీసింది. రెక్కలూ నలిగిపోయున్నాయి. దాన్ని దిద్దడం ఎందుకని ఒగ్గీసాను."

ఆరో నెగెటివ్ జేబులో వేసుకుని గోడౌన్ దగ్గరికి పరిగెత్తాను. రిక్షా కూడా పిలవలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో నేనొక గోడౌన్ దగ్గరికి వెళ్ళడం అదే మొదలు.

మిట్టమధ్యాహ్నం. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. తలుపు సందులన్నిటికీ మావాళ్ళు అంటించిన కాగితాలు. కిటికీ అద్దం లోపలి అంచున చచ్చిన ఈగలు చేరెడు పోగుపడి ఉన్నాయి. కాకి కూడా లేదు. ఆ వీధిలో రోజంతా లారీలు తిరుగుతాయి, ఆ గంటలో మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆమె నీడకు కూర్చుని ఉంది, పక్కన మూత తీయని కేరేజీ.

నన్ను చూసి లేచింది. "నాలుగు రోజులైంది బాబూ, సప్పుడు నేదు" అంది. "మీరు గేసెట్టిన కాడ్నించీ నేదు."

నేను ఇన్‌స్పెక్టరును పిలిపించి తలుపు తీయించమన్నాను.

గ్యాసు పోగొట్టి తలుపు తీయడానికి మర్నాటిదాకా పట్టింది. కూలీలు మూట తర్వాత మూట తీశారు. కూలిన వరస కింద, వెనక గోడ దగ్గర అతను దొరికాడు. నడుం మీద పది మూటలున్నాయి. కుడిచెయ్యి మాత్రం బయటికి వచ్చి గోడ రేకుకు ఆనుకుని ఉంది. అంతకన్నా రాయను. డాక్టరు చూసి, ఇంత వేడిలో, ఇంత పులుపులో, పైగా గ్యాసులో ఉన్న శవం ఎన్నాళ్ళదో తేల్చలేనన్నాడు. నేను తేరుకుని చుట్టుపక్కల నేల మీద ఈగలు వదిలిన గుల్లల కోసం చూద్దామనుకునేసరికి ఊడ్చేసి ఫినాయిలు పోసేశారు.

ఆ తర్వాత పదిరోజులు నా బతుకు నాది కాదు. రేకుకు ఆనుకున్న చెయ్యి కళ్ళు మూసినా తెరిచినా కనబడేది. గ్యాసు పెట్టినప్పుడు అతను బతికే ఉన్నాడా? నా సంతకం మనిషిని చంపిందా? అడగడానికి మనిషి లేడు, ఈగలు లేవు. ఉన్నది ఆరో నెగెటివ్ ఒక్కటే. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నెగెటివును వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిల్ పడినచోట మెరుస్తుంది. దీని మీద ఎక్కడా మెరుపు లేదు. ముఖం తిప్పేసుకున్న ఆ ఈగ రెక్కలు నలిగి లేవు. ఇంకా విచ్చుకోలేదు, అంతే. అప్పుడే గుల్ల పగలగొట్టుకుని పుట్టిన ఈగ అది. పురుగుగా తిని, గుల్ల కట్టుకుని, ఈగై బయటికి రావడానికి ఎంత తక్కువ లెక్క వేసినా రెండు వారాలు కావాలి. అంటే అది పట్టుబడేనాటికి రెండు వారాల ముందే దానికి తిండి దొరికింది. అతను లోపలికి వెళ్ళిన మొదటి రోజుల్లోనే పోయాడు. గ్యాసు నాటికి ఎప్పుడో పోయాడు. అది తేలిన రోజు నేను ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. అతని కోసం కాదు, సిగ్గు విడిచి చెప్తున్నాను, నా కోసం ఏడ్చాను.

కర్మకాండలు అయ్యాక ఆమె ఆఫీసుకు వచ్చింది. చేతిలో కేరేజీ లేదు. ఇన్‌స్పెక్టరు కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఒక్క మాటడగడానికొచ్చాను బాబూ. మీరు గేసెట్టినప్పుడు ఆయన బతికున్నాడా?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా ఉన్నాను. ఆరో నెగెటివు నుంచి కడిగించిన ఫోటోను ఆమె ముందు పెట్టాను. పెన్సిల్‌తో దిద్దిన ఫోటోలు చూసి మొదట ఇచ్చిన రిపోర్టు తప్పని, ఆ తప్పు నాదేనని చెప్పాను. ఈగ రెక్కలు చూపించాను. రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. ఆమె వంగి చూసింది.

"ఎలక సచ్చినా ఈ ఈగ పుడతాది గదా బాబూ?" అంది.

తెలివైన మనిషి. ఆ ప్రశ్న మా ఆఫీసరుకు కూడా తట్టలేదు. "పుడుతుందమ్మా. కాని మూటలన్నీ తీసిన మేస్త్రీని నేనే అడిగాను. గోడౌన్ మొత్తం మీద ఒక్క ఎలక కూడా లేదు, చచ్చింది గాని బతికింది గాని" అన్నాను.

"దీన్ని కూడా పెన్సిలుతో దిద్దీసినారేటి?"

లేదన్నాను. నెగెటివు ఆమె చేతికిచ్చి, కిటికీ దగ్గర ఎలా పట్టుకుని చూడాలో చూపించాను. ఆమె చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నమ్మింది. నమ్మినట్టు ఆమె ముఖంలోనే తెలిసింది. నాకు గుండె తేలికపడింది. ఇప్పుడు ఏడుస్తుంది, ఏడ్చాక కాస్త నెమ్మదిస్తుంది, అందరమూ ఇళ్ళకు పోతాం అనుకున్నాను.

"అయితే నాను ఎవులితో మాటాడినట్టు?" అంది.

నేను మళ్ళీ రోజుల లెక్క మొదలుపెట్టబోయాను.

"రోజూ మాటాడీదాన్ని బాబూ. ఊళ్ళో ఊడుపులు అయిపోనాయని సెప్పినాను. పిల్లకి జొరం తగ్గిందని సెప్పినాను. రేపు తీత్తారు, ఓర్సుకో అని సెప్పినాను. సెప్పినప్పుడల్లా మూడు దెబ్బలు కొట్టీవోడు."

ఇన్‌స్పెక్టరు కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. చదువుకున్నవాణ్ణి, చెప్పకపోతే ఎలా? ఎండకు రేకు సాగి చప్పుడు చేస్తుందన్నాను. మూడుసార్లా అంది. మూటలు సర్దుకున్నప్పుడు చప్పుడవుతుందన్నాను. ఆమె చూస్తూనే ఉంది. ఇక ఏమీ తోచక, "ఎలకలయి ఉంటాయమ్మా" అన్నాను.

"ఎలకలు ఒక్కటీ నేవన్నావు గదా బాబూ, ఇప్పుడే" అంది.

నెగెటివు బల్ల మీద పెట్టి, నేను జవాబు చెబుతానేమోనని ఆమె అక్కడే నిలబడింది. ఆ తర్వాత వెళ్ళిపోయింది, మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఈగ ఏదో నాకు తెలుసు, అది ఎప్పుడు పుట్టిందో తెలుసు. తలుపు కొట్టిందెవరో ఆమెకు చెప్పలేకపోయాను. ఆమె వరండాలో నిలబడి అడిగినరోజున తలుపు తీయించి ఉంటే, ఆ రోజే ఆమె తన కళ్ళతో చూసుకునేది. తీసి చూడడానికి ఈగల గురించి ఏమీ తెలియనక్కర్లేదు.